‘ట’కీ ‘త’కీ మధ్య తుర్కీ మసీదులు

అరవైతొమ్మిదిలో మీరెక్కడున్నారని ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఊరేగింపులు చూశారా, కర్ఫ్యూ చూశారా, బస్సులు తగలబడటం చూశారా అని. నా జవాబు వింటే వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. ఆ ఏడాది నేను ఎక్కువ కాలం టర్కీలో ఉన్నాను. మనిషిని మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళితే రేకుల వరండా ఉన్న ఒక కిరాయి ఇంట్లో కూర్చుని ఉండేదాన్ని.

అది ఒక విజ్ఞాన సర్వస్వం ఆఫీసు. లోకంలో ఉన్న సంగతులన్నీ అకారాది క్రమంలో తెలుగువాళ్ళకి అందించాలని బెజవాడ ప్రెస్సు యజమాని ఒకాయన సంకల్పించారు. లోకం చాలా పెద్దది, ఆఫీసు చాలా చిన్నది. ఆ తేడా ఆయన దృష్టికి రాలేదు. నేను చరిత్రలో ఎం.ఏ. చదివి గుంటూరు జిల్లా నుంచి వచ్చాను. చంపాపేటలో పిన్నీ బాబాయిల ఇంట్లో ఉంటూ సహాయ సంపాదకురాలిగా చేరాను. రిక్షా దొరికిన రోజు రిక్షాలో, దొరకని రోజు నడిచి వచ్చేదాన్ని. దారి పొడుగునా రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ ప్లాట్ల హద్దురాళ్ళు. ఇప్పుడు మెట్రో రైలు ఎక్కే మీకు ఆ దిల్‌సుఖ్‌నగర్‌ని చూపించడం నా వల్ల కాదు.

మా ప్రధాన సంపాదకుడు తెనాలి వైపు ఆయన, రిటైరైన తెలుగు పండితుడు. నేను మాస్టారూ అని పిలిచేదాన్ని. గొడుగు, ఉత్తరీయం, చెవిలో ఒక తులసి రెబ్బ. తెలుగులోకి రాని విషయం ఇంకా జరగనట్టేనని ఆయన నమ్మకం. ఇంకొకాయన నల్గొండ జిల్లా మనిషి. ఉర్దూ మీడియంలో చదివి, లా పూర్తి చేసి, కోర్టుకి వెళ్ళకుండా మా దగ్గర అనువాదకుడిగా చేరాడు. నన్ను చెల్లె అనేవాడు. నేను అన్నగారూ అనేదాన్ని, మీకూ అలాగే పరిచయం చేస్తాను. ఆ ఇంటి ఓనరు పెద్దావిడ ఒకామె. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవురాలు, చాలా ఏళ్ళు దవాఖానలో ఆయాగా పనిచేసి ఆ ఇల్లు కట్టుకుంది. వెనక వాటాలో ఉంటూ, మేం గోడకి మేకు కొడితే ఆ చప్పుడు ఎక్కడున్నా విని వచ్చేది.

టర్కీ మసీదుల మీద నాకు చిన్నప్పటినుంచీ ఆసక్తి ఉందని చెప్పుకోవాలని ఉంది కానీ అబద్ధమవుతుంది. మా యజమాని మూతపడిన ఒక ప్రెస్సులో ఫొటోలు అచ్చేసే లోహపు బ్లాకులు మూటగా కొన్నారు. గోనెసంచి విప్పి బల్ల మీద పోస్తే అన్నీ టర్కీ దేశపు మసీదులే. “బ్లాకులున్నాయి. వాటికి తగ్గ వ్యాసం ఎవరు రాస్తారు?” అన్నారు. మాస్టారికి ఆ విషయం తెలియదు. అన్నగారికి తెలుసు, కానీ ఆయన చేతిలో అప్పటికే తేయాకు, తేలు ఉన్నాయి. అలా ఆ మసీదులు నాకు వచ్చాయి.

వ్యాసం మొదటి మాట దగ్గరే ఆగింది.

“టర్కీ ‘ట’ సంపుటంలో వస్తుంది. ఇందులో చర్చ ఏముంది?” అన్నారు మాస్టారు.

“ఆ దేశపోళ్ళు గట్ల అనరు సార్,” అన్నాడు అన్నగారు. “మేం బడిల తుర్కీ అనే చదువుకున్నం. ఇంగ్లీషోడు టర్కీ అన్నడని మనం గూడ గట్లనే అనుడేంది? ‘త’ల రావాలె.”

“తుర్కీ అని వేస్తే తెనాలిలో ఎవరూ ఆ పేజీ తెరవరు.”

“టర్కీ అని ఏస్తే మా నల్గొండల కోడి అనుకుంటరు.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను వ్యాసం రాశాక చూద్దామన్నాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు ఏ ప్రశ్నకైనా ఇచ్చే జవాబు అదే.

ఇది హాస్యంగా చెబుతున్నాను గానీ అప్పటి గాలి హాస్యంగా లేదు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళే ఉద్యోగాలన్నీ పట్టుకుపోతున్నారని, రాష్ట్రం కలిపేటప్పుడు ఇచ్చిన హామీలు నీటిమూటలయ్యాయని కాలేజీలు వదిలి కుర్రాళ్ళు రోడ్లమీదికి వచ్చారు. మా వీధి మొదట్లో గోడమీద మమ్మల్ని వెనక్కి పొమ్మని బొగ్గుతో రాసి ఉండేది. అన్నగారు ఆ ఊరేగింపులకి వెళ్ళేవాడు, ఆ సంగతి దాచేవాడు కాదు. పొద్దున్నే వచ్చి, చెప్పులు విడుస్తూ నన్ను పలకరించేవాడు.

“ఏం చెల్లె, ఇంకా పోలే?”

“బస్సుల్లేవండీ.”

“నిజమే. బస్సులు మేమే బంజేసినం,” అని, టీ తెప్పించేవాడు.

వ్యాసం రాయడానికి నగరంలో లైబ్రరీకి వెళ్ళి దొరికిన పుస్తకాలన్నీ చదివాను. చదివినకొద్దీ బుర్రలో స్తంభాలు పెరిగాయి తప్ప వెలుగు రాలేదు. మసీదు పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ అని ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఎందుకో నాకు తెలియలేదు. ఒక శుక్రవారం కాని రోజు, ఊరు సద్దుమణిగి ఉన్నప్పుడు, అన్నగారు నన్ను పాతబస్తీలో పెద్ద మసీదుకి తీసుకెళ్ళాడు. నన్ను ఆవరణలో నిలబెట్టి, లోపల గోడ వైపు చెయ్యి చాపాడు.

“గా గోడ చూడు. మక్కా దిక్కు. అందరికీ ముందటి వరసల నిలబడాలని ఉంటది. మరి ముందటి వరస పెద్దగుండాల్నంటే ఇల్లు పొడుగు కట్టాల్నా, అడ్డం కట్టాల్నా?”

“అడ్డం.”

“గంతే. గా ముచ్చటకి నువ్వు నెల సంది పరేషానవుతున్నవు.”

ఆ తర్వాత పుస్తకాలు వాటంతటవే తెరుచుకున్నాయి. శుక్రవారం మసీదు మామూలు పేట మసీదు కాదు. వారానికోసారి ఊరంతా ఒకచోట చేరేది అక్కడ. ప్రార్థనకి ముందు ప్రసంగంలో ఏ పాలకుడి పేరు చదివితే ఊరు వాడిది. అందుకే ఊరు గెలిచినవాడు ముందుగా చూసుకునేది దీన్ని. టర్కీలో వీటిని ఉలూ జామీ అంటారు, పెద్ద జామా మసీదు అని. మన వైపు మసీదుకి విశాలమైన ఆవరణ ఉంటుంది. తుర్కులు వెళ్ళి స్థిరపడిన అనతోలియా పీఠభూమి మంచు కురిసే దేశం. చలిలో జనం బయట నిలబడలేరు. కాబట్టి వాళ్ళు ఆవరణని ఇంట్లోకి తెచ్చుకున్నారు. కప్పంతా మూసి, నడుమ ఒక గుమ్మటానికి మాత్రం కన్నం వదిలి, దాని కింద నీళ్ళతొట్టి కట్టారు. ఆకాశం ఆ ఒక్క చోటు నుంచి లోపలికి వస్తుంది.

మా దగ్గరున్న బ్లాకుల్లో దియార్‌బకీర్ మసీదు నల్లరాతిది. పాత కట్టడాల స్తంభాలు తెచ్చి దాని ఆవరణ గోడల్లో పొదిగారు. అంతకు ముందు ఆ చోట చర్చి ఉండేదని చెప్పుకుంటారు. ఇంటావిడ చీపురు పట్టుకుని నా భుజం మీదుగా ఆ బొమ్మ చూసి, నేను ఆ మాట చెబితే విని, “మొదలు ఎవరిదో, ఇప్పుడెవరిదో. రాయికేం ఎరుక,” అని వరండా ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

దివ్‌రిఈ అనే చిన్న కొండ ఊళ్ళో మసీదు, దవాఖాన ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. మసీదు ఆ ఊరి ప్రభువుది, దవాఖాన ఒక రాణిది. ద్వారాల మీద రాతి చేత పూలు పూయించారు, ఏ పువ్వుకీ ఇంకో పువ్వుతో పోలిక లేదు. మాస్టారు ఆ బొమ్మని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, “అచ్చం మన అమరావతి పద్మాలే,” అన్నారు. అన్నగారు తీసుకుని చూసి, “వరంగల్ కోట తోరణం తీర్గ ఉంది,” అన్నాడు. ఆ సాయంత్రం దాకా వాళ్ళు మాట్లాడుకోలేదు.

వ్యాసానికి ప్రాణం మాత్రం బుర్సా మసీదు. ఇరవై గుమ్మటాలు, వరసకి అయిదు చొప్పున. దాని గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. చరిత్రకారులు వాటికి పూచీ పడరు, అయినా రాయకుండా ఉండలేరు. నేనూ రాశాను. మాస్టారు దాన్ని దిద్ది ఇచ్చేసరికి గుమ్మటం “గోళాకార శిఖరం” అయింది, మక్కా వైపు గోడ “ప్రార్థనాభిముఖ కుడ్యం” అయింది. తొట్టి మాత్రం ఏ కళనుందో తప్పించుకుంది.

అన్నగారు చదివి, కాగితం కింద పెట్టి, “చెల్లె, దీన్ల నమాజెట్ల చేస్తరు? ముందు డిక్షనరీ చదవాల్నా?” అన్నాడు.

“భాష ఎత్తుగా ఉండాలయ్యా,” అన్నారు మాస్టారు.

“ఎత్తుగ ఉండేటందుకు మీనార్ ఉంది గద సార్.”

ఎండలు ముదిరాక అన్నగారు రావడం మానేశాడు. ఎక్కడున్నాడో చెప్పలేదు గానీ మాకు తెలుసు. నేనూ మాస్టారూ ఖాళీ ఆఫీసులో ‘ట’ సంపుటం ప్రూఫులు చూస్తూ ఉండేవాళ్ళం. రోడ్డు మీద నినాదాలు వినబడితే ఆయన తల ఎత్తి, “అరసున్న పలకడం లేదు,” అని మళ్ళీ తల దించేవారు.

బంద్ పిలుపు ఉన్న రోజు ఇంట్లో ఉండమని బాబాయి చెప్పాడు. మాస్టారు ఆఫీసులోనే పడుకుంటారు, ఒంటరిగా ఉన్నారని నేను పొద్దున్నే నడిచి వెళ్ళాను. ఎండ బాగా ఎక్కాక వీధి మొదట్లో కేకలు వినబడ్డాయి. మా బోర్డు మీద మొదటి మాట ‘ఆంధ్ర’. ఎర్రరంగుతో, దూరానికి కనబడేలా రాయించారు యజమాని. చూస్తుండగానే వరండా ముందు ఇరుకు సందు నిండిపోయింది. చాలామంది కాలేజీ కుర్రాళ్ళు. కొందరి చేతుల్లో కర్రలు, ఒకరి చేతిలో కిరసనాయిలు డబ్బా. రెండో వరసలో అన్నగారు. నన్ను చూసి తల దించుకున్నాడు. మళ్ళీ ఎత్తాడు.

ముందు నిలబడ్డ కళ్ళజోడు కుర్రాడు వరండా మెట్టెక్కాడు. “గీడ ఏం పని నడుస్తుంది?”

“తెలుగు భాషా సేవ,” అన్నారు మాస్టారు, లేచి ఉత్తరీయం సర్దుకుంటూ.

“ఎవరి తెలుగు?”

ఆ ప్రశ్నకి సరైన జవాబు ఆ రోజుల్లో ఎవరి దగ్గరా లేదు. ఏదో ఒకటి చెప్పాలని చెప్పేశాను. “టర్కీ మసీదుల గురించి రాస్తున్నామండీ.”

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. కళ్ళజోడు కుర్రాడు నవ్వలేదు. “గిప్పుడా? రాష్ట్రమంత మండుతుంటే మీరు మసీదులు రాస్తున్నరా?”

“బ్లాకులున్నాయండీ,” అన్నాను.

అప్పుడు అన్నగారు గుంపులోంచి ముందుకి వచ్చాడు. “గిది నా ఆఫీసే భయ్. నేను గీడనే పనిచేస్త. వాళ్ళు నిజమే చెప్తున్నరు.”

కుర్రాడు ఆయన్ని పైకీ కిందికీ చూశాడు. తనవాడనుకున్న మనిషి నౌకరీ ఈ బోర్డు కిందా అని. “సరే. అక్కా, జర చదువు. విందాం.”

బల్ల మీది ప్రూఫు తీసి చదివాను. “వింశతి గోళాకార శిఖర సముపేతమై, ప్రార్థనాభిముఖ కుడ్యమునకు సమాంతరముగా విస్తరించిన యీ మహామందిరము...”

“గిది తెలుగేనా?” అన్నాడు డబ్బా పట్టుకున్నతను, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

“తెలుగే,” అన్నాడు అన్నగారు. “నేను చెప్త. ఒక సుల్తాన్ ఉండె. లడాయికి పోయేముందు మొక్కిండు, గెలిస్తే ఇరవై మసీదులు కట్టిస్తనని. గెలిచిండు. ఇంటికొచ్చి ఖజానా దిక్కు చూసుకున్నడు. ఇరవై అంటే మాటలా? పక్కనున్న పెద్దమనిషి చెవిల చెప్పిండు, ‘హుజూర్, ఇరవై మసీదులెందుకు? ఒక్క మసీదు కట్టి దానికే ఇరవై గుంబజ్‌లు పెట్టిస్తె లెక్క సరిపాయె గద’ అని. సుల్తాన్ గట్లనే చేసిండు. గది ఇప్పటికీ ఉంది. బుర్సా ఊర్ల.”

గుంపు ఆలోచనలో పడింది. తర్వాత డబ్బా అతను మెల్లగా అన్నాడు, “మనతోని గదే చేసిండ్రు గద.”

“నౌకర్లన్నరు, పైసలన్నరు. గుంబజ్‌లు చూపిచ్చిండ్రు,” అన్నాడు ఇంకొకడు. నవ్వులు. వెనక నుంచి ఎవరో నినాదం కట్టేశారు, “గుంబజ్‌లొద్దు, మసీదులు గావాలె” అని. మరో ఇద్దరు అందుకున్నారు. ప్రమాదం గడిచిందనుకున్నాను.

కానీ మాస్టారు ఉన్నారు. ఆయన ఎదుట తప్పు వ్యాఖ్యానం జరిగింది.

“ఆగండి,” అన్నారు చెయ్యెత్తి. “అర్థం అది కాదు. ఆ సుల్తాను మాట తప్పలేదు. ఇరవై అన్నాడు, ఇరవై ఉన్నాయి. పైగా శుక్రవారం మసీదు ఊరికి ఒకటే ఉండాలి. ఊరంతా ఒక కప్పు కిందికి రావడమే దాని పరమార్థం. ఇరవై కడితే ఊరు ఇరవై ముక్కలవుతుంది. ముక్కలు చేయమని అడగడం అవివేకం.”

ఆయన మాట్లాడింది బుర్సా గురించే. ఆయనకి నిజంగా ఇంకో ఆలోచన లేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ఆ సందులో ఉన్నవాళ్ళెవరికీ అది బుర్సా గురించి వినబడలేదు.

“ఏ ఊరు పెద్దమనిషీ మీది?” అన్నాడు కళ్ళజోడు కుర్రాడు. గొంతు మారింది.

“తెనాలి,” అన్నారు మాస్టారు, ఎప్పటిలాగే ఛాతీ కొంచెం విరిచి.

రాయి ఎటునుంచి వచ్చిందో తెలియదు. వరండా రేకుల మీద పడి, దొర్లుకుంటూ వచ్చి మా ముందు రాలింది. అన్నగారు మాస్టారికి అడ్డంగా నిలబడ్డాడు. ఇంకో రాయి బోర్డుకి తగిలింది. డబ్బా మూత తీస్తున్న చప్పుడు విన్నాను. ఈ నాటికీ కిరసనాయిలు వాసన తగిలితే నాకు ఆ ప్రూఫు కాగితమే గుర్తొస్తుంది.

ఇంటావిడ వెనక వాటా లోంచి వచ్చింది. ఉరకలేదు, అరవలేదు. బియ్యం చెరుగుతున్నట్టుంది, చేట చేతిలోనే ఉంది.

“ఏంది, తగలవెడ్తరా?”

డబ్బా పట్టుకున్నతను దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

“కాగితాలు బయటికి తెచ్చి తగలవెట్టుకోండ్రి, నాకేం నష్టం లేదు. ఇల్లు నాది. ఇరవై ఏండ్లు దవాఖానల మలమూత్రాలు ఎత్తి కట్టుకున్న. ఇల్లు కాలితే గీ ఆంధ్రోళ్ళు బస్సెక్కి వాళ్ళూరు పోతరు. మరి నేనేడికి పోవాలె? చెప్పుండ్రి. మీరంతా చదువుకున్నోళ్ళు గద.”

అప్పుడు నాకేమైందో గానీ, బుర్సా రెండో కథ నోట్లోంచి వచ్చేసింది. “ఆ మసీదు కట్టేటప్పుడు కూడా ఒకావిడ ఇల్లు ఇవ్వనందటండీ. చుట్టూ స్థలమంతా తీసుకున్నారు, నడుమ ఆవిడ ఇల్లుంది. ఇష్టం లేకుండా తీసుకున్న నేల మీద ప్రార్థన చెల్లదన్నారు. చివరికి ఆ ఇల్లున్న చోట ప్రార్థన లేకుండా, నీళ్ళతొట్టి కట్టారట.”

“ఇయ్యనన్నదా?” అంది ఇంటావిడ ఆసక్తిగా, నా వైపు తిరిగి. “మంచిగ చేసింది.”

ఎవరో నవ్వారు. మరొకరు. కళ్ళజోడు కుర్రాడు కుర్చీ ఒకటి అడిగాడు. బోర్డు కిందికి కుర్చీ వేసుకుని, వెనకవాడు అందించిన తారు డబ్బాతో మొదటి మాట మాత్రం నల్లగా పూసేశాడు. దిగి, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ అడిగాడు. నేను ‘ట’ సంపుటం చెడిపోయిన ప్రూఫు ఇచ్చాను. మిగతావాళ్ళు దాహమన్నారు. ఇంటావిడ కుండ తెచ్చి, అడ్డమైన తిట్లూ తిడుతూ అందరికీ గ్లాసుతో పోసింది.

వాళ్ళు వెళ్ళిపోయాక మాస్టారు వీధిలోకి వెళ్ళి బోర్డు వైపు చాలాసేపు చూశారు. “ఇదే బాగుంది. ఆ సమాసం మొదటినుంచీ నాకు నచ్చలేదు,” అన్నారు. లోపలికొచ్చి కూర్చున్నాక మాత్రం ఆయన గ్లాసులో మంచినీళ్ళు ఉత్తరీయం మీద ఒలికాయి. వాళ్ళతో వెళ్ళకుండా ఉండిపోయిన అన్నగారు గ్లాసు పట్టుకున్నాడు.

కొద్ది రోజులకి యజమాని కబురు పంపారు. ‘ట’ సంపుటం బెజవాడలోనే అచ్చవుతుంది, మాస్టారు అక్కడికి రావాలి. తర్వాతి సంపుటం హైదరాబాదు ప్రెస్సులో, అన్నగారి చేతి మీదుగా. మా నాన్న కూడా నన్ను ఇంటికి వచ్చేయమని ఒత్తిడి చేశారు. కాగితాల కట్టలు ఎక్కించిన అద్దె కారులో మాస్టారూ నేనూ బయల్దేరాం. ఇప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తా అంటున్న చోట అన్నగారు నిలబడి ఉన్నాడు. అడగకుండానే డ్రైవరు పక్కన ఎక్కాడు.

“హయత్‌నగర్ దాటేదాంక వస్త. నడుమ ఆపుతున్నరు.”

రెండు చోట్ల ఆపారు. రెండు చోట్లా ఆయన అద్దం దించి ఏదో చెప్పాడు, వదిలేశారు. హయత్‌నగర్ దాటాక దిగి, మాస్టారికి నమస్కారం పెట్టి, వచ్చిన దారినే ఎండలో నడుచుకుంటూ వెళ్ళాడు. మాస్టారు వెనక్కి తిరిగి ఆయన కనబడినంతసేపూ చూశారు. సూర్యాపేటలో టీ తాగుతూ, “ఆ అబ్బాయి చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు,” అన్నారు. ఏ విషయంలో అని నేను అడగలేదు. ఉద్యమం గురించే అనుకున్నాను.

నేను తిరిగి హైదరాబాదు వచ్చేసరికి ఊరు చల్లబడింది. అప్పటికి రెండు సంపుటాలూ అచ్చయి, బైండై, బల్ల మీద ఉన్నాయి. అట్టల మీది కొత్త కాలికో గుడ్డ వాసన. నా మొదటి పెద్ద వ్యాసం కదా, ‘ట’ సంపుటం ఆత్రంగా తెరిచాను. అక్కడ ఇలా ఉంది: “టర్కీ. చూ. తుర్కీ.”

‘చూ.’ అంటే చూడుము. విజ్ఞాన సర్వస్వాల్లో ఒక చోట రాసి, ఇంకో చోటి నుంచి దారి చూపించే గుర్తు. మాస్టారు పంతం వదులుకున్నారన్నమాట. నాకు కళ్ళు చెమర్చాయి. ‘త’ సంపుటం తెరిచాను. తుమ్మెద తర్వాత, తులసికి ముందు, చక్కగా ఒకే పంక్తి: “తుర్కీ. చూ. టర్కీ.”

అన్నగారు లోపలికి వస్తూ నా ముఖం చూశాడు. పేజీ చూపించాను. ఇంకో పేజీ చూపించాను. స్టూలు మీద కూలబడ్డాడు.

“ఆయన గట్ల మార్చిండా?”

“మరి మీరు?”

“పెద్దాయన. గారోజు అంతమందిల అవమానం పడ్డడు. ఒక్క అక్షరానికి కొట్లాడుడేందని, ఆయన మాట మీదికే ఇడిచిన.” సంపుటం మూసేసి, “చెప్పాల్సుండె,” అన్నాడు. “చెప్తే పెద్ద మేలు చేసినట్టు ఉంటదని చెప్పలే.”

నా రాతప్రతి హైదరాబాదులో ఉందని బెజవాడ వాళ్ళు, బెజవాడలో ఉందని హైదరాబాదు వాళ్ళు చెప్పారు. కూర్చిన అక్షరాలు ఎప్పుడో విప్పేశారు. బ్లాకులు మాత్రం భద్రంగా ఉన్నాయి. యజమాని ఏమాత్రం కంగారుపడలేదు. ‘మ’లో మసీదు అని వేద్దామన్నారు. ఆ సర్వస్వం ‘న’ దగ్గర ఆగిపోయింది. ‘మ’ దాకా వెళ్ళలేదు. నేను ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్చరరుగా చేరాను, అన్నగారు నల్లకోటు వేసుకుని కోర్టుకి వెళ్ళాడు. ఇంటావిడ ఆ ముందు గదులని ఒక టైపింగు ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చింది. మాకంటే చప్పుడు ఎక్కువని తర్వాత నాతో వాపోయింది.

మీలో ఎవరైనా సంపాదకత్వం పనిలోకి వెళితే, గొడవపడేవాళ్ళని చూసి భయపడకండి. గొడవ ఉన్నంతకాలం మా వ్యాసం బల్ల మీద పదిలంగా ఉంది. ఇద్దరికీ మంచితనం కలిగిన రోజే అది గల్లంతయింది.

కొన్నేళ్ళకి మాస్టారికి బాగాలేదని తెలిసి నేనూ అన్నగారూ తెనాలి వెళ్ళాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బెజవాడ బస్సెక్కి, అక్కడ తెనాలి బస్సు మారాం. అన్నగారు కృష్ణ దాటడం అదే మొదటిసారి. వంతెన మీద బస్సు కిటికీలోంచి అటూ ఇటూ చూసి, “నీళ్ళు మస్తున్నయి మీకు,” అన్నాడు. అందులో ఫిర్యాదు ఎంతో, మెచ్చుకోలు ఎంతో నేను తూచలేకపోయాను.

మాస్టారు మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారు. చూపు పూర్తిగా పోయింది. గొంతు విని అన్నగారి చెయ్యి పట్టుకున్నారు. సంపుటాలు వాళ్ళింటికి చేరాయట గానీ చదివి వినిపించేవాళ్ళు లేరు.

“మన తుర్కీ ఎలా వచ్చిందయ్యా?” అన్నారు.

అన్నగారు నా వైపు చూశాడు. కోర్టులో రోజూ వాదించే మనిషి, ఆ కాస్త జవాబుకి గొంతు సవరించుకున్నాడు. “టర్కీ మంచిగ వచ్చింది సార్.”

“ఏ అక్షరం కింద వేశారు?”

“రెండిట్లనూ ఉంది సార్.”

మాస్టారు కనుబొమలు ముడిచారు. “రెండు చోట్లా ఎందుకు? కాగితం దండగ. వచ్చే ముద్రణలో ఒకటి తీసేయండి.”

“అట్లనే సార్. ఏది తియ్యమంటరు?”

“నాది తీసెయ్.”

“గదెట్ల సార్? మీది ముందుగాల వస్తది. నాదే తీస్తం.”

“చెబుతుంటే వినవేమయ్యా? ఆ దేశం వాళ్ళు తమని తాము ఏమంటారో అదే ఉండాలి. నువ్వు అన్నదే గదా.”

“నేనంట సార్. కానీ చదివేటోళ్ళకి ఎరుకుండాలె గద. మీరన్నదే కరెక్టు.”

మాస్టారు దిండు మీంచి లేచి కూర్చోబోయారు. అన్నగారు ఆయన్ని పడుకోబెడుతూనే ఇంకో కారణం చెప్పాడు. లేని వ్యాసాల్లో ఏది తీసేయాలన్న దాని మీద ఇద్దరూ మళ్ళీ అందుకున్నారు, ఈసారి అటువాడు ఇటూ ఇటువాడు అటూ. లోపలి నుంచి మాస్టారి కోడలు కంగారుగా వచ్చి, ఏమైందని కళ్ళతోనే నన్ను అడిగింది.

“ఏం లేదమ్మా, ఆఫీసు పని,” అని, ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళి కాఫీ గ్లాసులు అందుకున్నాను.